కాలేజీ టీమ్‌లో ఆడే పిల్లలకి మనసు బాగోకపోతే ఏ తలుపు తట్టాలి?

ఒక ఆదివారం రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, సర్వ్ వేసేటప్పుడు బంతి చేతిలోంచి సరిగ్గా లేవట్లేదు" అంది. అమెరికాలో ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పైస్థాయి) కాలేజీకి టెన్నిస్ ఆడుతోంది, అప్పుడు రెండో ఏడాది. మ్యాచ్‌కి పది పన్నెండు డబుల్ ఫాల్టులు. పిల్లలకి ఏ ఇబ్బందొచ్చినా ట్యూటర్ని పెట్టడమే మనకి తెలిసిన వైద్యం కదా, వెతికి వెతికి ఒక మెంటల్ కోచ్‌ని పెట్టాం. మూడు నెలలు జేబులోంచి కట్టాం. బంతిని నాలుగుసార్లు నేలకి కొట్టి, రాకెట్ తీగల వైపు ఒక్కసారి చూసి, ఊపిరి వదిలి అప్పుడు టాస్ వేయడం ఆయన అలవాటు చేశారు. సర్వ్ గాడిలో పడింది.

పిల్ల గాడిలో పడలేదు. రాత్రి మూడింటిదాకా నిద్ర లేదు. టీమ్‌తో భోజనానికి వెళ్లడం మానేసి గదిలో ప్రొటీన్ బార్ తిని పడుకునేది. చివరికి ఆ మెంటల్ కోచే, "ఇది నేను చూడాల్సింది కాదు, లైసెన్సున్నవాళ్ల దగ్గరికి వెళ్లు" అని చెప్పి పంపారు. నిజాయితీపరుడు కాబట్టి చెప్పారు. తప్పు మాది. అదే కాలేజీలో, ఫీజులోనే కలిసిపోయి, అలాంటివాళ్లు ఉన్నారని మేం కనుక్కోలేదు.

నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌కి ఆడి, ప్రొఫెషనల్‌గా మారి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాక మా తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కాలేజీ టెన్నిస్ గురించి ప్రశ్నలే ప్రశ్నలు. స్కాలర్‌షిప్ ఎంత, కోచ్ ఎవరు, ర్యాంకింగ్ ఎంత. అక్కడ పిల్లలకి మనసు బాగోకపోతే ఎవరు చూస్తారన్న ప్రశ్న మాత్రం నాకు ఒక్కసారీ కనపడలేదు. ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లలకైనా, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆట మీద వచ్చినవాళ్లకైనా దారులు అవే. తేడా వచ్చేది వీసా దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా.

ముందు ఒక ప్రశ్న: దెబ్బతిన్నది ఆటా, మనిషా?

ప్రాక్టీస్ లేని రోజు ఎలా ఉందో అడగండి. ఆరోజు హాయిగా తిని, తిరిగి, నిద్రపోయి, కోర్టులో అడుగుపెట్టగానే బిగుసుకుపోతుంటే అది ఆట సమస్య. సెలవురోజు కూడా మంచం దిగబుద్ధి కాకపోయినా, తిండి మారినా, క్లాసులు ఎగ్గొడుతున్నా, స్నేహితుల ఫోన్లు ఎత్తకపోయినా అది మనిషి సమస్య. రెండూ కలిసి ఉంటే మనిషి సంగతే ముందు చూడాలి. ఈ ఒక్క ప్రశ్న ముందే వేసుకుని ఉంటే మాకు మూడు నెలలు మిగిలేవి.

ఆ తర్వాత ఎవరినైనా ఐదు విషయాల మీద తూచాలి. చికిత్స చేసే లైసెన్స్ ఉందా? జీతం ఎవరిస్తారు, నోట్స్ ఎక్కడ దాస్తారు? ఎన్నాళ్లకి దొరుకుతారు? వాళ్లిచ్చే ఉత్తరం కాలేజీలోనూ వీసా ఆఫీసులోనూ చెల్లుతుందా? టీమ్ వదిలేసినా, కాలేజీ మారినా కొనసాగుతారా? ఖర్చుని నేను ఆరోదిగా పెడతాను, ఎందుకంటే ఇక్కడ మంచివి చాలావరకు ఉచితం.

"టెన్నిస్ తెలిసినవాళ్లేనా?" అని మనవాళ్లు మొదట అడుగుతారు. దానికి అంత బరువు ఇవ్వక్కర్లేదు. నిద్ర పట్టని పిల్లకి బ్యాక్‌హ్యాండ్ తెలిసిన డాక్టరే కావాలని ఏముంది? కాకపోతే తెల్లారి ఆరింటి ప్రాక్టీసులు, బస్సు ప్రయాణాలు, టీమ్‌లో చోటు పోతుందన్న భయం అంటే ఏమిటో తెలిసి ఉండాలి.

| ఎవరు | ఏం చూస్తారు | ఎప్పుడు దొరుకుతారు | ఖర్చు | ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|---|
| అథ్లెటిక్స్ విభాగంలోని క్లినికల్ సైకాలజిస్ట్ | ఆట, మనసు రెండూ | సాధారణంగా త్వరగా | ఉచితం | టీమ్ వదిలితే ఆగిపోవచ్చు |
| యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ | మనసు | మొదటి మాట త్వరగా, తర్వాత ఆలస్యం | ఫీజులోనే | సెషన్ల పరిమితి |
| మెంటల్ పెర్ఫార్మెన్స్ కన్సల్టెంట్ | ఆట | త్వరగా | టీమ్ పెట్టుకోకపోతే జేబులోంచి | చికిత్స చేయకూడదు |
| బయటి థెరపిస్ట్ | మనసు | నెట్‌వర్క్‌ని బట్టి | ఇన్సూరెన్స్ లేదా జేబు | రాష్ట్రం మారితే లైసెన్స్ పేచీ |
| సైకియాట్రిస్ట్ | మందులు | చాలాచోట్ల వెయిటింగ్ | ఇన్సూరెన్స్ | డోపింగ్ నిబంధనలు |
| ఇండియా నుంచి వీడియోలో సైకాలజిస్ట్ | తెలుగులో మాట | త్వరగా | తక్కువ | ఇక్కడ లైసెన్స్ లేదు |

అథ్లెటిక్స్ విభాగంలోనే ఉండే సైకాలజిస్ట్

అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2016లో ఆటగాళ్ల మానసిక ఆరోగ్యం మీద ఒక మార్గదర్శక పత్రం తెచ్చింది, 2024లో సవరించింది. 2024 ఆగస్టు 1 నుంచి డివిజన్ 1 కాలేజీలు దానికి తగ్గట్టుగా సేవలు అందించి తీరాలి. అయితే సైకాలజిస్ట్ కుర్చీలో ఎంతమందిని కూర్చోబెట్టాలి, ఆ కుర్చీ ఏ భవనంలో ఉండాలి అన్నది కాలేజీ ఇష్టం. పెద్ద ఫుట్‌బాల్ కాలేజీల్లో నలుగురైదుగురు ఉండొచ్చు, చిన్నచోట్ల అన్ని టీముల మీదా ఒక్కరే. మిషిగన్ యూనివర్సిటీలో 2014లో మొదలైన అథ్లెట్స్ కనెక్టెడ్ లాంటి కార్యక్రమాల్లో అథ్లెటిక్స్ విభాగం, డిప్రెషన్ సెంటర్, పబ్లిక్ హెల్త్ స్కూల్ కలిసి పనిచేస్తాయి. కాలేజీ వెబ్‌సైట్‌లో ఇలాంటి కలయిక కనపడితే మంచి గుర్తు.

లాభం ఏమిటంటే ప్రాక్టీస్ షెడ్యూల్ వాళ్లకి కంఠతా వచ్చు. ఐస్ బాత్ నుంచి లేచి తడి జుట్టుతోనే వెళ్లి కూర్చోవచ్చు. మోకాలి సర్జరీ అయితే టీమ్ డాక్టర్‌తోనూ అథ్లెటిక్ ట్రెయినర్‌తోనూ కలిసి పనిచేస్తారు. (అథ్లెటిక్ ట్రెయినర్ అంటే మన జిమ్ ట్రెయినర్ అనుకునేరు. ఇక్కడ గాయాలు చూసే ఆరోగ్య ఉద్యోగి. చాలామంది పిల్లలు ముందు నోరు విప్పేది కూడా వాళ్ల దగ్గరే, కట్టు కట్టించుకుంటూ.)

భయం ఒకటే: కోచ్‌కి తెలిసిపోతుందేమో! లైసెన్సున్న సైకాలజిస్ట్ నోట్స్ కోచ్ చూడటానికి వీల్లేదు. ప్రాణానికి ముప్పుందనో, చిన్నపిల్లల మీద హింస జరుగుతోందనో తెలిసినప్పుడు, లేదా కోర్టు ఆదేశించినప్పుడు, ఇలాంటి కొద్ది సందర్భాల్లోనే ఆ గుట్టు విప్పుతారు. కానీ కాగితం మీది గోప్యత వేరు, కారిడార్ గోప్యత వేరు. ఆ గది కోచ్‌ల ఆఫీసుల వరసలోనే ఉంటే లోపలికి వెళ్తున్నది ఎవరో అందరికీ కనపడుతుంది. మా అమ్మాయి మొదట వెళ్లనన్నది అందుకే.

ఇంకో చిక్కుముడి రిలీజ్ ఫారం. చాలాచోట్ల టీమ్ డాక్టర్‌తో మాట్లాడేందుకు అనుమతి ఇమ్మని సంతకం అడుగుతారు. మొత్తం ఇచ్చేయక్కర్లేదు. "ఆడటానికి సిద్ధమా కాదా అన్నది మాత్రమే" అని రాయించుకోవచ్చు, గడువు పెట్టించుకోవచ్చు, తర్వాత వెనక్కీ తీసుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల పిల్లలు చదవకుండా సంతకం పెట్టేస్తారు. వాళ్లని అననేల, మనమూ అంతేగా.

కోచ్‌లంతా చెడ్డవాళ్లని నా ఉద్దేశం కాదు. ఒహాయో స్టేట్ ఫుట్‌బాల్ ఆటగాడు హ్యారీ మిల్లర్ 2022 మార్చిలో ఆట మానేస్తున్నట్టు ప్రకటిస్తూ, తన ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ముందు కోచ్ ర్యాన్ డేకే చెప్పుకున్నానని, ఆయన వెంటనే డాక్టర్లకి అప్పగించారని బయటపెట్టాడు. కోచ్ కొన్నిచోట్ల మొదటి తలుపు అవుతాడు. కాకపోతే అలా అవుతాడో లేదో టీమ్‌లో ఉన్న పిల్లలకే తెలుస్తుంది, మనకి తెలియదు.

యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్

విద్యార్థులందరికీ ఉండేది. మనవాళ్లు దీన్ని తక్కువగా చూస్తారు, నా దృష్టిలో మాత్రం చాలామందికి ఇదే సరైన మొదటి మెట్టు. టీమ్‌తో ఏ సంబంధమూ లేని భవనం, అథ్లెటిక్స్ విభాగం జీతం తీసుకునే మనుషులు కారు, టీమ్ వదిలేసినా విద్యార్థిగా ఉన్నంతకాలం తలుపు తెరిచే ఉంటుంది. డివిజన్ 3 కాలేజీల్లో, చిన్న కాలేజీల్లో చాలాచోట్ల ఉన్నది ఇదొక్కటే.

ఇబ్బంది తాకిడి. వెయ్యి నుంచి పదిహేను వందలమంది విద్యార్థులకి ఒక కౌన్సెలర్ ఉండాలని వీటికి గుర్తింపునిచ్చే సంస్థ చెబుతుంది, అంతమంది ఉన్నా మిడ్‌టర్మ్స్ నాటికి క్యూ తప్పదు. చాలా సెంటర్లు కొద్ది సెషన్ల తర్వాత బయటికి పంపుతాయి. మధ్యాహ్నం అపాయింట్‌మెంట్లన్నీ ప్రాక్టీస్ టైంలోనే పడతాయి. మొదటి ఫోన్‌లోనే "నేను టీమ్‌లో ఉన్నాను, ఉదయం పదిలోపు కావాలి" అని చెప్పేస్తే సగం తలనొప్పి పోతుంది.

మెంటల్ పెర్ఫార్మెన్స్ కన్సల్టెంట్

మేం డబ్బు పోసింది ఇక్కడే. పెట్టడం తప్పు కాదు, దీన్నే ముందు పెట్టడం తప్పు. గాయం మానాక మళ్లీ దూకాలంటే భయం, మ్యాచ్ పాయింట్ దగ్గర చేయి వణకడం, ఫ్రీ త్రో ముందు కాళ్లు కట్టేసినట్టవడం లాంటివాటికి వీళ్లని మించినవాళ్లు లేరు. పేరు వెనక సీఎమ్‌పీసీ (సర్టిఫైడ్ మెంటల్ పెర్ఫార్మెన్స్ కన్సల్టెంట్) అని ఉందేమో చూడండి. మాస్టర్స్ లేదా డాక్టరేట్, పెద్దల పర్యవేక్షణలో 400 గంటల అనుభవం, పరీక్ష ఉంటేగానీ అప్లైడ్ స్పోర్ట్ సైకాలజీ సంఘం అది ఇవ్వదు. "మైండ్‌సెట్ కోచ్", "పీక్ పెర్ఫార్మెన్స్ గురు" అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, వాటికి ఏ పరీక్షా లేదు.

సీఎమ్‌పీసీ చికిత్స లైసెన్స్ కాదు. కొందరికి రెండూ ఉంటాయి, అలాంటివాళ్లు దొరికితే అదృష్టం. లేనివాళ్లు మాత్రం డిప్రెషన్, తిండి జబ్బులు, పానిక్ లాంటివి చూడకూడదు. మొదటి మాటలోనే "నిద్ర, తిండి సంగతి వస్తే ఎవరి దగ్గరికి పంపుతారు?" అని అడగండి. పేరు చెప్పగలిగితే మంచివాళ్లు. "అవన్నీ నేనే చూసుకుంటాను" అన్నవాళ్లకి ఒక దండం పెట్టి రండి.

బయటి థెరపిస్ట్

పూర్తి గోప్యత కావాలనుకునేవాళ్లకి, టీమ్ మీదే ఫిర్యాదు ఉన్నవాళ్లకి ఇదే మేలు. టీమ్‌మేట్‌తోనో కోచ్‌తోనో గొడవైనప్పుడు అదే విభాగం జీతం తీసుకునే మనిషి ఎంత మంచివాళ్లైనా మనసు విప్పడం కష్టం.

సెషన్‌కి ఇన్సూరెన్స్ లేకుండా 100 నుంచి 250 డాలర్ల దాకా అడుగుతారు. అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌లో 26 ఏళ్లు వచ్చేదాకా ఉండొచ్చు కాబట్టి చాలామంది అదే వాడతారు. కానీ మన ప్లాన్ టెక్సస్ హెచ్‌ఎంఓ (తన నెట్‌వర్క్‌లోని డాక్టర్లకే డబ్బు కట్టే ఇన్సూరెన్స్) అయి, పిల్ల వేరే రాష్ట్రంలో ఉంటే నెట్‌వర్క్‌లో ఒక్కరూ దొరక్కపోవచ్చు. కార్డు వెనక నంబర్‌కి ఫోన్ చేసి, కాలేజీ జిప్ కోడ్ చెప్పి అడగాలి. ఇది ఆగస్టులోనే చేయాల్సిన పని, నవంబర్‌లో ఏడుస్తూ చేసేది కాదు.

వీడియోలో మాట్లాడేటప్పుడు ఆ సమయానికి మనిషి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్స్ లెక్క. మనవాళ్లేమో మ్యాచ్‌ల కోసం వారానికో ఊరు తిరిగే పిల్లలు! సైప్యాక్ట్ అనే ఒప్పందంలో ఉన్న 40కి పైగా రాష్ట్రాల్లో, దానికింద అనుమతి తీసుకున్న సైకాలజిస్టులు వీడియోలో చూడొచ్చు. ఇది సైకాలజిస్టులకే, సోషల్ వర్కర్లకీ కౌన్సెలర్లకీ వర్తించదు. వేసవికి ఇంటికొస్తే కొనసాగుతుందా లేదా అన్నది కూడా దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

మందులు అవసరమైతే

సైకియాట్రిస్ట్, లేదా చాలాసార్లు టీమ్ డాక్టరే, మందు మొదలుపెడతారు. ఇక్కడ ఒక గోతి ఉంది. ఏకాగ్రత సమస్యకి, అంటే ఏడీహెచ్‌డీకి, ఇచ్చే ఆడెరాల్ లాంటి మందులు ఎన్‌సీఏఏ నిషేధించిన స్టిమ్యులెంట్ల జాబితాలో ఉన్నాయి. వాడకూడదని కాదు. పరీక్ష చేసి రోగనిర్ధారణ చేసిన కాగితాలు, ప్రిస్క్రిప్షన్ కాలేజీ ఫైల్లో ఉంటేనే వైద్య మినహాయింపు దొరుకుతుంది. బయటి డాక్టర్ దగ్గర గుట్టుగా రాయించుకుని, టీమ్ డాక్టర్‌కి చెప్పకుండా ఉంటే మూత్ర పరీక్షలో పట్టుబడి ఆటే పోవచ్చు. రైఫిల్ షూటింగ్ ఆడేవాళ్లు బీటా బ్లాకర్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. చేయి వణకకుండా, గుండె దడ తగ్గడానికి ఇచ్చే ఆ మందులు ఆ ఒక్క ఆటలో నిషేధం. కాబట్టి థెరపీ ఎంత గుట్టుగా చేయించుకున్నా సరే, మందు మాత్రం టీమ్ డాక్టర్‌కి తెలియాల్సిందే.

ఇండియా నుంచి తెలుగు సైకాలజిస్ట్

హైదరాబాద్‌లో తెలిసినవాళ్లున్నారు, తెలుగులో మాట్లాడతారు, ఫీజు తక్కువ అని చాలా ఇళ్లలో ముందు ఇదే అనుకుంటారు. అర్థం చేసుకోగలను. "అమ్మ ఫోన్‌లో ఏడుస్తుంటే నేను ఇంకా దిగజారిపోతున్నా" అన్న మాట ఇంగ్లిష్‌లో చెప్పి, దాని వెనకున్న ఇల్లంతా వివరించడం కష్టమే. అయినా అమెరికాలో ఉన్న మనిషికి చికిత్స చేయాలంటే ఇక్కడి లైసెన్స్ కావాలి, వాళ్లకి ఉండదు. రాత్రి రెండింటికి పిల్ల గదిలో ఏదైనా జరిగితే ఏ ఊరి పోలీసుకి ఫోన్ చేయాలో వాళ్లకి తెలియదు. వాళ్లిచ్చే కాగితం కాలేజీలో నడవదు. అందుకని పిల్లలకి చికిత్సగా వద్దంటాను. అక్కడున్న తల్లిదండ్రులు తమ భయాలు చెప్పుకోవడానికైతే బాగుంటుంది. దానికి 14416 నంబర్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉచితంగా ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఎవరికి ఏది

ఎఫ్-1 వీసా (స్టూడెంట్ వీసా) మీద వచ్చిన పిల్లలకి కాగితం బలమే ముఖ్యం. మనసు బాగోక కోర్సులు తగ్గించుకోవాలంటే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి ముందే కావాలి, అదీ మెడికల్ డాక్టర్, ఆస్టియోపతిక్ డాక్టర్ లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్ట్ రాసిన ఉత్తరం ఉంటేనే. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం మీద 12 నెలలు మించి ఇవ్వరు. పెర్ఫార్మెన్స్ కన్సల్టెంట్ ఉత్తరం పనికిరాదు, సోషల్ వర్కర్‌ది కూడా సరిపోదు. అనుమతి రాకముందే కోర్సు వదిలేస్తే వీసా స్టేటస్‌కే ఎసరు. పైగా కోర్సులు తగ్గితే ఆడే అర్హత కూడా పోవచ్చు కాబట్టి ఇంటర్నేషనల్ ఆఫీసునీ, ఆడే అర్హత నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసునీ ఒకే వారంలో కలవాలి. వీళ్లకి నా సలహా: కౌన్సెలింగ్ సెంటర్‌తో మొదలుపెట్టినా, మొదటి నెలలోనే ఒక సైకాలజిస్ట్‌నో డాక్టర్‌నో కలిసి ఫైల్ తెరిపించుకోండి.

మోకాల్లో ఏసీఎల్ లిగమెంట్ తెగి సీజన్ పోయినవాళ్లకి అథ్లెటిక్స్ సైకాలజిస్టే మేలు, ఎలాగూ రోజూ ఆ భవనంలోనే ఉంటారు. టీమ్ వదిలేద్దామా అని ఊగుతున్నవాళ్లు, వేరే కాలేజీకి మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేద్దామనుకుంటున్నవాళ్లు టీమ్ జీతం తీసుకోని మనిషితో మాట్లాడాలి. తిండి దగ్గర తేడా వస్తే ఒక్క థెరపిస్ట్ చాలరు, డాక్టర్, డైటీషియన్, థెరపిస్ట్ ముగ్గురూ కావాలి, ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటే వెళ్లాలి. సర్వ్ మాత్రమే పోయి, మిగతాదంతా బాగుంటే సీఎమ్‌పీసీ. అంతకుమించి ఆలోచించకండి.

హైస్కూల్ పిల్లలతో కాలేజీలు చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు జిమ్ అద్దాలు చూసి మురిసిపోయే ముందు అథ్లెటిక్ ట్రెయినర్ని పక్కకి పిలిచి అడగండి: లైసెన్సున్నవాళ్లు ఎంతమంది, ఎన్ని టీములకి? మొదటి అపాయింట్‌మెంట్ ఈ వారంలో దొరుకుతుందా? టీమ్ నుంచి తీసేసిన పిల్ల మర్నాడు కూడా అదే గదికి రావచ్చా? మూడో ప్రశ్నకి తడబడితే గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడే భయంగా ఉంటే

పైవన్నీ పక్కన పెట్టండి. అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పంపొచ్చు. 2022 జులై నుంచి దేశమంతా పనిచేస్తోంది, ఏ వేళలోనైనా ఎత్తుతారు. ప్రాణం మీదికొస్తే 911. చాలా కౌన్సెలింగ్ సెంటర్లకి రాత్రివేళ లైన్ ఉంటుంది, ఆ నంబర్ ఇప్పుడే మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, పిల్లల ఫోన్‌లో మాత్రమే కాదు. ఇండియాలో ఉండి భయపడుతున్న తల్లిదండ్రులు నేరుగా ఆ కాలేజీ క్యాంపస్ పోలీసుకి ఫోన్ చేసి "మా అమ్మాయి క్షేమమో కాదో చూడండి" అని అడగొచ్చు, వెళ్లి తలుపు కొడతారు.

మనకి చెప్తారా?

చెప్పరు. కాలేజీలో చేరిన రోజు నుంచి, పదిహేడేళ్లైనా సరే, చదువు రికార్డుల హక్కు పిల్లలది, ఫీజు కట్టినవాళ్లది కాదు. థెరపీ సంగతులైతే వాళ్లు సంతకం పెడితే తప్ప బయటికి రావు. మొదట నాకు మండింది. రెండుసార్లు ఫోన్ చేసి, "ఈ విద్యార్థి మా దగ్గరికి వస్తున్నదీ లేనిదీ చెప్పలేం" అన్న అదే వాక్యం రెండుసార్లూ విని పెట్టేశాను.

ఇప్పుడు మా అమ్మాయి కౌన్సెలింగ్ సెంటర్‌లో ఒకావిడ దగ్గరికి వెళ్తోంది. ఫారంలో మా పేర్లు రాసి, ఉన్న ఐదు గడుల్లో ఒక్క దానికే టిక్ పెట్టింది: అపాయింట్‌మెంట్లకి వస్తోందా లేదా. నెలకోసారి అడుగుతాం. వస్తోందంటారు.